వన్ టౌన్ పాత గ్రంథాలయానికి రాత్రి దీపాలు: ముందు ఏది చీకటిగా ఉండాలో తేల్చుకోండి

కార్యదర్శి గారికి నమస్కారం. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. విజయవాడ వన్ టౌన్‌లో ఇరుకు వీధి, అందులో వందేళ్లు దాటిన రెండంతస్తుల గ్రంథాలయం. ఇటుక గోడల మీద సున్నపు గచ్చు, కింద ఏడు కమానుల వరండా, పైన పిట్టగోడ మధ్యలో గచ్చుతో తీర్చిన సంవత్సరం అంకెలు. దాతలు కొంత డబ్బు ఇచ్చారు. దసరా నాటికి భవనం రాత్రిపూట వెలగాలని కమిటీ కోరిక. కాంట్రాక్టరు ఇచ్చిన అంచనాలో రంగులు మారే 100 వాట్ల ఫ్లడ్ లైట్లు 16, పిట్టగోడ పొడవునా పిక్సెల్ స్ట్రిప్పు (వరసగా చిన్న దీపాలు అమర్చిన పట్టీ), స్తంభాల మొదట్లో నేలలో పూడ్చే దీపాలు 8 ఉన్నాయి. ఒప్పుకోవచ్చా, గోడకు ఏమైనా నష్టమా అని మీ ప్రశ్న.

ఒప్పుకోకండి. ఆయన మోసం చేస్తున్నాడని అనడం లేదు. కల్యాణ మండపానికి ఇచ్చే అంచనానే మీకూ ఇచ్చాడు. మండపానికి అది సరిపోతుంది కూడా. మీ భవనానికి పనికిరాదు.

దీపాల పని మొదలుపెట్టే ప్రతి కమిటీ ముందుగా అడిగేది ఎన్ని దీపాలు, ఎన్ని వాట్లు అని. నేను ముందుగా అడిగేది ఏ భాగాలు చీకటిగా ఉండాలి అని. మీ భవనం అందమంతా లోతులో ఉంది. కమాను వెనుక వరండా, వరండా వెనుక తలుపు, కార్నీసు (గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన అంచు) కింద నీడ గీత, స్తంభాల మధ్య గుంటలు. పగలు ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి ఈ నీడలు వాటంతటవే ఏర్పడతాయి. కట్టిన మేస్త్రులు ఆ ఎండను లెక్కలోకి తీసుకునే కార్నీసును అంత ముందుకు తెచ్చారు. ఎదురుగా ఫ్లడ్ లైటు పెట్టి గోడంతా ఒకేలా నింపితే ఆ నీడలన్నీ చెరిగిపోతాయి. భవనం ఫ్లెక్సీ మీద అచ్చు వేసిన బొమ్మలా చదునుగా మారుతుంది. దానికి రంగులు కూడా తోడైతే ఇక అది ఏ కాలపు భవనమో కూడా తెలియదు.

రంగులు ఎక్కడా పనికిరావని నా వాదన కాదు. ప్రకాశం బ్యారేజీ లాంటి చోట అవి బాగానే ఉంటాయి. అది 1957 నాటి కాంక్రీటు కట్టడం, కిలోమీటరు దాటిన పొడవు, ఒకే రకమైన గేట్ల వరస. కింద నీళ్లున్నాయి కాబట్టి ఏ రంగు వేసినా రెండింతలవుతుంది, పైగా చూసేవాళ్లు దూరంగా ఉంటారు. మీ వీధిలో చూసేవాడు భవనానికి పది అడుగుల దూరంలో సైకిలు ఆపుకొని నిలబడతాడు. అతనికి కనిపించాల్సింది గచ్చు పనితనం. సున్నపు గోడ మీద నీలి కాంతి పడితే నాలుగు రకాల తెలుపులు, కావి అంచులు అన్నీ కలిసి ఒకే నీలం మచ్చగా మిగులుతాయి.

ఇక మీ భవనం సంగతికి వద్దాం. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ బెజవాడలోనే జరిగింది. ఆ ఉత్సాహంలో ఈ ప్రాంతంలో పఠనాలయాలు చాలా వెలిశాయి. ఆ కాలపు భవనాలకు రాత్రిపూట బయటి నుంచి వెలుగు వేయాలని ఎవరూ అనుకోలేదు. ఉన్నదల్లా లోపలి లాంతరు, పెట్రోమాక్సు. వెలుగు లోపలి నుంచి బయటకు వచ్చేది. వీధిలో నిలబడితే వరండా పసుపుగా మెరుస్తూ, దాని ముందు కమానులు నల్లని ఆకారాలుగా కనిపించేవి. మీరు చేయాల్సిన మొదటి పని ఆ పద్ధతిని తిరిగి తేవడం. ఖర్చు తక్కువ, గోడకు నష్టం దాదాపు ఏమీ ఉండదు, అందంలో మిగతావన్నీ దీని తర్వాతే.

వరండా లోపల, వీధి వైపు కమాను గోడకు వెనుక భాగాన, కంటికి కనిపించని ఎత్తులో సన్నని లీనియర్ దీపం, అంటే పొడవాటి బద్దలాంటి దీపం పెట్టి పైకప్పు వైపు తిప్పండి. మీది మద్రాసు మిద్దె అని రాశారు. టేకు దూలాల మధ్య సున్నం వేసిన తెల్లని కప్పు ఉంటుంది కదా, అదే మీకు ఉచితంగా దొరికిన ప్రతిఫలకం, కాంతిని తిప్పి కిందికి పంపుతుంది. ఒక్కో కమానుకు 6 వాట్లు చాలు, ఏడింటికీ కలిపి 42 వాట్లు. దీపం నేరుగా ఎవరి కంటిలోనూ పడదు. కప్పు నుంచి దిగే మెత్తని కాంతిలో వరండాలో పత్రిక కూడా చదవవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. డ్రైవరును, అంటే దీపానికి తగినట్లు కరెంటును మార్చి ఇచ్చే పరికరాన్ని, దూలం మీద బిగించకూడదు. వందేళ్ల టేకు బాగా ఎండి ఉంటుంది, పాడైన డ్రైవరు ఎంత వేడెక్కుతుందో చెప్పలేం. డ్రైవర్లన్నీ మెట్ల కింద ఒక ఇనుప పెట్టెలో, గాలి ఆడేలా పెట్టించండి.

పై అంతస్తు తలుపుల మీద అర్ధచంద్రాకారంలో రంగు అద్దాలు ఉన్నాయని ఒక వాక్యంలో రాసి వదిలేశారు. నేనైతే దాతల డబ్బులో మొదటి రూపాయి అక్కడ పెడతాను. లోపలి వైపు, అద్దానికి ఒక అడుగు వెనుక, తెల్లని పలుచటి తెర లాంటిది పెట్టి దానికి 3 వాట్ల దీపం వేయండి. అద్దం వెనుకే నేరుగా దీపం పెడితే చుక్కలా కనిపిస్తుంది కాబట్టి ఆ తెర తప్పనిసరి. రంగులు కావాలన్న మీ కమిటీ సభ్యులకు ఇదే నా జవాబు. కట్టినవాళ్లు ఎంచుకున్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం మీ దగ్గరే ఉన్నాయి, రాత్రిపూట అవి బయటకు కనిపించడం లేదంతే.

ఇవి రెండూ అయ్యాక గోడ గురించి ఆలోచించాలి. ఇక్కడ కొంచెం లెక్క చూడాలి.

గోడ ఎంత ప్రకాశంగా కనిపించాలన్నది చుట్టుపక్కల వెలుగును బట్టి ఉంటుంది. అంతర్జాతీయ కాంతి సంస్థ సీఐఈ ఫ్లడ్ లైటింగ్ మార్గదర్శకం ప్రకారం, పరిసరాలు మసకగా ఉంటే గోడ మీద చదరపు మీటరుకు 4 క్యాండెలాలు (గోడ కంటికి ఎంత ప్రకాశంగా కనిపిస్తుందో చెప్పే కొలత), మధ్యస్థంగా ఉంటే 6, బాగా వెలుగున్న చోట 12 సరిపోతాయి. మీ వీధి మధ్యస్థం అనుకుందాం. సున్నం వేసిన గోడ తన మీద పడిన కాంతిలో 70 శాతం దాకా వెనక్కి ఇస్తుంది. ఆ లెక్కన 6 క్యాండెలాల కోసం గోడ మీద పడాల్సింది 27 లక్సులు (చదరపు మీటరు మీద పడే కాంతికి కొలత) మాత్రమే. అదే ఎర్ర ఇటుక గోడ అయితే 20 శాతమే తిప్పి ఇస్తుంది కాబట్టి 95 లక్సులు కావాలి. అందుకే ఎర్ర భవనానికి పెట్టిన దీపాలను చూసి తెల్ల భవనానికి అంచనా వేయకూడదు.

మీరిచ్చిన కొలతలు 22 మీటర్ల పొడవు, 9 మీటర్ల ఎత్తు. అంటే 198 చదరపు మీటర్లు. గోడంతా వెలిగించినా దాని మీద పడాల్సింది సుమారు 5,300 ల్యూమెన్లు (మొత్తం కాంతికి కొలత). దీపం నుంచి వెలువడిన కాంతిలో సగమే గోడకు చేరుతుందని, దుమ్ము వల్ల, కాలం గడిచేకొద్దీ అందులో 40 శాతం తగ్గిపోతుందని పట్టుకుంటే, దీపాల నుంచి దాదాపు 18,000 ల్యూమెన్లు రావాలి. వాటుకు 90 ల్యూమెన్లు ఇచ్చే దీపాలతో అది 200 వాట్ల పని. కాంట్రాక్టరు చెబుతున్నది ఫ్లడ్ లైట్లకే 1,600 వాట్లు. రంగులు మారే దీపాలు తెల్లకాంతి తక్కువ ఇస్తాయి, వాటుకు 50 ల్యూమెన్లే అనుకుందాం. అయినా అందులో సగం చేరితే గోడ మీద 200 లక్సులు పడతాయి. కావాల్సినదానికి ఏడు రెట్లు. ఎదురింటివాళ్లు కిటికీలకు దుప్పట్లు కట్టుకోవాలి. కరెంటు సంగతి చూస్తే, రోజుకు నాలుగున్నర గంటలు వెలిగిస్తే ఆయన పద్ధతిలో నెలకు 216 యూనిట్లు, గోడంతా నా పద్ధతిలో వెలిగిస్తే 27. గ్రంథాలయానికి మంజూరైన లోడు ఎంతో బిల్లు మీద చూసుకోండి. ఆయన అంచనాకు ఒప్పుకుంటే విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్‌కు అదనపు లోడు దరఖాస్తు పెట్టాల్సి రావచ్చు.

నిజానికి 200 వాట్లు కూడా అక్కర్లేదు. గోడంతా వెలిగించవద్దనే కదా నా మాట. పై అంతస్తులో స్తంభాకారపు గచ్చు పట్టీలు, మధ్యలో పిట్టగోడ మీది అంకెలు, వాటి చుట్టూ ఉన్న లతల పని. ఇవి చాలు. మిగతా గోడ వాటి నుంచి చిందిన వెలుగుతో మసకగా ఉంటుంది, అలాగే ఉండాలి.

దీపం ఎక్కడి నుంచి వేయాలన్నది ఇంకో చిక్కు. బందరు రోడ్డులోని విక్టోరియా జూబిలీ భవనాన్ని తీసుకోండి, 1887లో శంకుస్థాపన జరిగిన ఆ కట్టడమే ఇప్పటి బాపు మ్యూజియం. దానికి చుట్టూ ఆవరణ ఉంది. అలాంటి చోట గోడకు దూరంగా, మొక్కల చాటున దీపం పెట్టి నింపాదిగా వెలుగు పంపవచ్చు. గోడ ఎత్తులో పావు వంతు నుంచి మూడో వంతు దూరం ఉంటే కాంతి సమంగా పరుచుకుంటుంది. తొమ్మిది మీటర్ల గోడకు రెండుంపావు నుంచి మూడు మీటర్లు. మీకు మెట్టు దిగితే వీధే. అంత దూరంలో స్తంభం పాతితే ఆటో పోదు.

ఎదురు మేడ మీద నుంచి వేద్దామని ఎవరైనా సలహా ఇస్తారు. వద్దు. మీ భవనం ముందు వేలాడే కేబుల్ టీవీ తీగలు, ఇంటర్నెట్ తీగలు, కరెంటు తీగలు అన్నిటి నీడలూ గోడ మీద గీతలుగా పడతాయి. పగలు ఎవరి కంటికీ ఆనని ఆ చిక్కుముడి రాత్రి రెండింతల లావుతో సంవత్సరం అంకెల మీద వాలుతుంది. పైగా ఆ మేడ చేతులు మారినా, యజమాని మనసు మారినా మీ దీపాలు ఆరిపోతాయి.

కాబట్టి మీ భవనం మీదే చోటు వెతకాలి. మొదటి అంతస్తు దగ్గరి కార్నీసు పైభాగం అందుకు సరిగ్గా సరిపోతుంది. వీధిలోంచి చూస్తే కార్నీసు అంచు దీపాన్ని దాచేస్తుంది. అక్కడి నుంచి ఒక్కో పట్టీకి ఒక చిన్న దీపం, 10 నుంచి 15 డిగ్రీల సన్నని కిరణంతో, గోడకు అడుగు లోపు దూరంలో పైకి చూసేలా పెట్టాలి. ఇలా గోడను రాసుకుంటూ వెళ్లే కాంతి ఉబ్బెత్తు పనిని బాగా చూపిస్తుంది. దాంతో పాటు గోడ లోపాలన్నీ కూడా చూపిస్తుంది. సిమెంటుతో వేసిన అతుకులు, ఎమల్షన్ రంగు కింద తేమ పట్టి లేచిన బొబ్బలు, పెచ్చులు ఊడిన చోట్లు పగలు కనిపించనివి రాత్రి కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి. మీ గోడకు ఎడమ భాగం అతుకులమయం అని ఫొటోలో తెలుస్తోంది. అక్కడ ఇలాంటి దీపం పెట్టకండి. ఆ భాగం చీకటిలో ఉండనివ్వండి.

సంవత్సరం అంకెలకు కింద నుంచి కాకుండా ఒక పక్క నుంచి, కాస్త పై నుంచి వేయండి. ఎదురుగా వేస్తే అంకె ఉబ్బు తెలియదు, సరిగ్గా కింద నుంచి వేస్తే నీడలు తలకిందులై అంకెలు వికారంగా తోస్తాయి. పిట్టగోడకు మధ్య భాగం కొంచెం ముందుకు వచ్చి ఉంటే దాని చెంపన ఒక దీపం దాగుతుంది.

కాంతి రంగు గురించి ఒక్క మాట. 2700 కెల్విన్ తీసుకోండి, 3000 దాటవద్దు. ఈ అంకె తగ్గేకొద్దీ కాంతి పసుపుగా, పెరిగేకొద్దీ చల్లని తెలుపుగా ఉంటుంది. వీధి దీపాలు ఇప్పుడు చాలా చోట్ల చల్లని తెల్ల ఎల్ఈడీలు. వాటి మధ్య మీ భవనం వెచ్చని పసుపులో ఉంటే, ప్రకాశం తక్కువైనా చూపు అటే పోతుంది. పోటీపడి ఎక్కువ వెలుగు వేయనక్కర్లేదు. రంగుల నాణ్యత సూచిక సీఆర్ఐ 80కి తగ్గకూడదు, ముఖద్వారం దగ్గర 90 ఉంటే కావి రంగు కావిలాగే కనిపిస్తుంది. దీపాలన్నీ ఒకే విడత తయారీవి కావాలని కొనుగోలు ఆర్డరులో రాయించండి, రెండు మూడు అదనంగా కొని బీరువాలో ఉంచండి. తర్వాత కొన్న దీపం అదే నంబరుదైనా పక్కదానికంటే ఆకుపచ్చగానో గులాబీగానో వెలిగితే ఎవరూ సరిచేయలేరు.

వెచ్చని కాంతికి ఇంకో కారణం ఉసిళ్లు. నీలం పాలు ఎక్కువున్న కాంతి పురుగులను ఎక్కువగా లాగుతుంది. తొలకరి పడిన సాయంత్రం మీ వీధి దీపం చుట్టూ మూగే ఉసిళ్లు మరేమీ కావు, రెక్కలొచ్చిన చెదపురుగులే. కొత్త పుట్టకు చోటు వెతుక్కుంటూ బయలుదేరతాయి. టేకు దూలాలు, చెక్క తలుపులు, వేల పుస్తకాలు ఉన్న భవనానికి చూరు పొడవునా తెల్లని పిక్సెల్ స్ట్రిప్పు కట్టడమంటే వాటిని పిలిచి పీట వేయడమే. తొలకరి రోజుల్లో ఒక వారం పది రోజులు బయటి దీపాలు ఆర్పేయమని వాచ్‌మన్‌కు చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. మామూలు రోజుల్లో కూడా పురుగుల వెంట బల్లులు, సాలీళ్లు వస్తాయి, వాటి వెంట గోడ మీద మరకలు వస్తాయి. వెలుగు ఎంత తగ్గితే ఆ బెడద అంత తగ్గుతుంది.

ఇప్పుడు మీరు అసలు భయపడుతున్న విషయం, గోడకు నష్టం. భయపడటం సబబే. గానుగ సున్నంతో చేసిన గచ్చు మెత్తన, అదురును ఓర్చుకోదు. సుత్తి డ్రిల్లు పెడితే కన్నం చుట్టూ అరచేయంత గచ్చు గోడ నుంచి విడిపోతుంది. అప్పుడే రాలదు, రెండు వానాకాలాల తర్వాత రాలుతుంది. అప్పటికి కాంట్రాక్టరు ఉండడు. అందుకని కన్నాలు వీలైనంత తక్కువ. కార్నీసు మీద దీపాన్ని బరువైన చిన్న పలక మీద బిగించి ఊరికే కూర్చోబెట్టవచ్చు, గాలికి కదలకుండా వెనుక ఒక్క చోట కడితే చాలు. పిట్టగోడకు పట్టకారు లాంటి క్లాంపు, దాని కింద రబ్బరు పొర. కన్నం తప్పదనుకుంటే అదురు లేకుండా తిరిగే డ్రిల్లుతో, ఇటుకలో కాకుండా ఇటుకల మధ్య సందులో వేయాలి. రేపు దీపం తీసేస్తే ఆ సందును సున్నంతో పూడ్చవచ్చు, పగిలిన ఇటుకను ఏం చేయలేం. బోల్టులు, క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీలువే. మామూలు ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి గచ్చును చీలుస్తుంది.

తీగ కోసం గోడను గాడి చెక్కనివ్వకండి. ఎంత బతిమాలినా సరే. తీగ కార్నీసు పైన పడుకుంటుంది, వాన నీటి గొట్టం వెనుక దిగుతుంది, పాత వెంటిలేటరు సందులోంచి లోపలికి పోతుంది. పాత భవనంలో ఈ దారులు ఎప్పుడూ ఉంటాయి, వెతకడానికి ఒక పూట పడుతుంది, కాంట్రాక్టరుకు ఆ ఓపిక ఉండదు, అంతే తేడా. ఎండ తగిలే చోట తీగను ఎండకు తట్టుకునే గొట్టంలో పంపాలి. పందికొక్కులు తిరిగే చోట, అంటే మెట్ల కింద, అటక మీద, లోహపు గొట్టం వాడాలి.

నేలలో పూడ్చే ఎనిమిది దీపాల సంగతి. అంచనాలోంచి కొట్టేయండి. వీధి కాలువ పొంగితే వన్ టౌన్‌లో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో మీకు నాకంటే బాగా తెలుసు. 2024 బుడమేరు వరదల తర్వాత ఈ ఊళ్లో నేలలో విద్యుత్ పరికరం పూడ్చమని నేను ఎవరికీ చెప్పడం లేదు. నీరు, దుమ్ము చొరబడవని చెప్పే ఐపీ 67 ముద్ర ఉన్న దీపం కూడా మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకోవడానికి పరీక్షించినది, రెండు రోజులు బురదలో నానడానికి కాదు. పైగా స్తంభం మొదట్లో గుంత తవ్వితే పునాది దగ్గర నీరు నిలుస్తుంది, సున్నపు గోడ ఆ నీటిని పైకి పీల్చుకుంటుంది. గోడ కింద మూడు అడుగుల దాకా ఉప్పు పూసిన భవనాలు మన ఊళ్లో తక్కువేం లేవు. ప్యానెల్ బోర్డు కూడా నేల నుంచి నడుము ఎత్తు దాటాకే బిగించాలి.

భద్రత విషయంలో నేను బేరం ఆడను. బయటి దీపాల సర్క్యూట్లకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు), వేరే ఎర్త్ పిట్టు, పిడుగులకు, వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు సర్జ్ ప్రొటెక్టరు. చేతికందే ఎత్తులో ఉన్నవన్నీ 24 వోల్టులవే. పిల్లలు వచ్చే చోటు అది. అన్ని దీపాలూ ఒకే ఆర్సీసీబీ మీద పెడితే ఒక దీపంలో తేమ చేరిన రాత్రి భవనమంతా చీకటవుతుంది, విసుగెత్తిన ఎలక్ట్రీషియన్ ఆర్సీసీబీనే తీసేస్తాడు. వరండా, పై అంతస్తు, అద్దాలు, పండుగ సాకెట్లు అని నాలుగుగా విడగొట్టండి.

పండుగ సాకెట్లు ఏమిటంటారా? మీ కమిటీలో సగం మంది దసరాకు రంగులు లేకపోతే ఎలా అంటారు, అది న్యాయమే. నవరాత్రులకు ఊరంతా వెలుగుతుంటే గ్రంథాలయం ఒక్కటే ముఖం ముడుచుకొని ఉండనక్కర్లేదు. పిట్టగోడ లోపలి వైపు వాన తగలని మూత ఉన్న సాకెట్లు మూడు పెట్టించండి. దసరాకు సీరియల్ సెట్లు కట్టుకోండి, జెండా పండుగకు మూడు రంగులు వేసుకోండి, అయిపోయాక విప్పేయండి. కట్టడానికి పిట్టగోడ లోపల శాశ్వతంగా నాలుగు కొక్కేలు ఉంటే ప్రతి ఏడాదీ కొత్త మేకులు కొట్టరు. పండుగ రంగు పండుగకే ఉంటే దానికీ విలువ ఉంటుంది. ఏడాది పొడవునా మారే రంగులను మూడో నెలలో ఎవరూ తలెత్తి చూడరు.

ఎండ సంగతి మరచిపోయే వాళ్లు ఎక్కువ. డబ్బా మీద 50,000 గంటల ఆయుష్షు అని రాసి ఉంటుంది. మీ లెక్కన, రోజుకు నాలుగున్నర గంటలైతే, ముప్పై ఏళ్లు. నమ్మకండి. ఆ లెక్క చల్లని గదిలో పరీక్షించిన దీపానిది. మే నెలలో మన ఊళ్లో పగలు 45 డిగ్రీలు తాకుతుంది, పడమటి ఎండ తగిలిన లోహపు పెట్టె అంతకు మించి కాలుతుంది. దీపం ఆరి ఉన్నా లోపలి రబ్బరు సీలు ఎండిపోతుంది. ముందుగా పోయేది డ్రైవరే, అందుకే దాన్ని దీపం నుంచి వేరుగా, నీడలో పెట్టమన్నాను. పరికరం 50 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు తయారైందని కంపెనీ కాగితం మీద ఉండాలి.

ఇంకోటి, మరమ్మతు. పరంజా కట్టనిదే అందని చోట ఏ దీపమూ వద్దు. మేడ మీద నిలబడి వంగితేనో, వరండాలో నిచ్చెన వేస్తేనో అందాలి. అందని దీపాన్ని ఎవరూ తుడవరు, పావురాలు దాని మీద గూడు పెడతాయి, మూడో ఏడు అది వెలుగుతోందో లేదో కూడా ఎవరూ గమనించరు. దసరాకు ముందొకసారి, వేసవికి ముందొకసారి తడిగుడ్డతో అద్దాలు తుడిస్తే చాలు.

అనుమతుల గురించి అడగలేదు కానీ చెబుతాను. మీ భవనం పురావస్తు శాఖ రక్షిత జాబితాలో లేకపోయినా, కొండ దగ్గరి అక్కన్న మాదన్న గుహలు కేంద్ర రక్షిత కట్టడాలు. అలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మీది ఆ పరిధిలోకి వస్తుందేమో కొలుచుకోండి. ఉన్న భవనానికి దీపాలు తగిలించడం వేరు, దిమ్మె కట్టి కొత్త స్తంభం పాతడం వేరు. రెండోది చేయదలిస్తే ముందే అడగాలి. నగరపాలక సంస్థకు కూడా ఒక ఉత్తరం ఇచ్చి రశీదు తీసుకోండి.

డబ్బు సర్దుబాటు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఫొటోలో పిట్టగోడ కుడి మూల రావి మొక్క కనిపిస్తోంది. దాని వేరు ఇప్పటికే గచ్చులోకి దిగి ఉంటుంది. దీపాల కంటే ముందు దాన్ని వేరుతో సహా తీయించి, ఆ చోటును సున్నంతోనే పూడ్పించండి, సిమెంటుతో కాదు. మిద్దె మీద నీరు నిలిచే చోట్లు చూడండి. ఎడమ గోడకు తేమ ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి. నేను చెప్పిన దీపాల పనికి కాంట్రాక్టరు అంచనా కంటే చాలా తక్కువ అవుతుంది కాబట్టి మిగిలినది ఇక్కడ పెట్టవచ్చు. దీపాలకే ఇచ్చామని దాతలు అంటే, తడి గోడ మీద దీపం నిలవదని చెప్పండి. అది నిజం కూడా.

సంతకం పెట్టే ముందు కాంట్రాక్టరును ఒక రాత్రి నమూనాకు రమ్మనండి. ఒక కమాను, ఒక పట్టీ, ఒక రంగు అద్దం. ఈ మూడింటికీ దీపాలు తాత్కాలికంగా పెట్టి, ఏడున్నర తర్వాత వీధి దీపాలన్నీ వెలిగాక చూడండి. వీధి రెండు చివరల నుంచి, ఎదురింటి మేడ మీద నుంచి, బండి నడుపుతూ ఒకసారి. ఎదురింటివాళ్లనూ పిలవండి, వాళ్ల పడకగదిలోకి వెలుగు పడుతోందా అని వాళ్లే చెబుతారు. పడితే దీపానికి తేనెపట్టు లాంటి లూవరు (వెలుగు పక్కలకు పోకుండా ఆపే జాలీ) తగిలించవచ్చు, కోణం మార్చవచ్చు. నమూనాకు ఒప్పుకోని కాంట్రాక్టరుతో పని వద్దు.

వేళల కోసం సూర్యాస్తమయాన్ని తానే లెక్కగట్టుకునే టైమరు పెట్టించండి. మన దగ్గర నవంబరు చివర ఐదున్నరకే పొద్దు వాలుతుంది, జూన్ చివర ఆరుంముప్పావు దాటుతుంది. మామూలు టైమరైతే ఏడాదికి నాలుగుసార్లు ఎవరో ఒకరు సరిచేయాలి, చేయరు. పది దాటాక పైవన్నీ ఆరిపోయి వరండా ఒక్కటే సగం వెలుగులో ఉండేలా అమర్చితే వాచ్‌మన్‌కూ సరిపోతుంది, వీధివాళ్లకూ నిద్ర పడుతుంది.

మీకు వీలైతే నాలుగు సంగతులు పంపండి: మొదటి అంతస్తు కార్నీసు వెడల్పు ఎంత, వీధి వెడల్పు ఎంత, వరండా కప్పు ఎత్తు ఎంత, ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి భవనం ఎలా ఉందో ఒక ఫొటో. కార్నీసు ఆరు అంగుళాల లోపు ఉంటే పై అంతస్తుకు నేను చెప్పిన అమరిక కుదరదు, పిట్టగోడ నుంచి కిందికి వేసే పద్ధతి ఆలోచించాలి. అది చూశాక ఏ దీపం ఎక్కడ అన్నది గీసి పంపుతాను.